విత్తనానికి వదిలిన కాయ

హైదరాబాద్‌లో మిద్దె తోటలు ఈ పది పదిహేనేళ్ళలో బాగా పెరిగాయి. తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారి లాంటివాళ్ళు తమ మేడ మీద పండించి చూపించి, రాసి, ఈ అలవాటును ఇంటింటికీ చేర్చారు. మట్టి ఎలా కలపాలో, జీవామృతం ఎలా చెయ్యాలో ఇప్పుడు చాలామందికి తెలుసు. విత్తనం దగ్గరికొచ్చేసరికి మాత్రం జూన్ రాగానే అందరూ దుకాణానికే పోతున్నారు. మట్టి ఇంట్లో తయారైతే సగం పనే అయినట్టు. మిగతా సగం విత్తనం. మన మేడ ఎండకీ మన నీళ్ళకీ తట్టుకున్న మొక్క నుంచి ఏటేటా మనమే గింజ తీసుకుంటూ పోతే కొన్నేళ్ళకి ఆ రకం మన ఇంటిదవుతుంది. నేను పుట్టి పెరిగింది కృష్ణా డెల్టా నల్లరేగడిలో, పండించేది ఉప్పల్‌లో మేడ మీద. ఈ దారిలో నాకు పట్టుబడిన సంగతులు ఇక్కడ రాస్తున్నాను.

1. ముందు మేడ బలం చూసుకోండి.

తడిసిన మట్టి ఘనపు మీటరుకి దాదాపు 1,700 కిలోలు తూగుతుంది. అడుగు లోతున పరిస్తే చదరపు మీటరుకి 500 కిలోలు. మనుషులు తిరిగే పైకప్పుకి భారతీయ ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం లెక్కలోకి తీసుకునే అదనపు బరువు చదరపు మీటరుకి సుమారు 150 కిలోలే. కాబట్టి మేడంతా మట్టి పరిచేద్దామన్న ఆలోచన పెట్టుకోవద్దు. బరువైన మడులు దూలాల మీదుగా, గోడల వెంబడి ఉండాలి. మధ్యలో తేలిక కుండీలు చాలు. మడి కింద ఇటుకలు పెట్టి ఎత్తుగా ఉంచితే నీళ్ళు నిలవవు, చీపురు కూడా దూరుతుంది. ఇల్లు పాతదైతే ఇంజినీరుకి చూపించాకే మొదలుపెట్టండి.

2. మట్టిని ఒకసారి కలపండి, తర్వాత పోషిస్తూ ఉండండి.

నా పాళ్ళు ఇవి: ఎర్రమట్టి రెండు, మాగిన పశువుల ఎరువు ఒకటి, వర్మీకంపోస్టు ఒకటి, రెండుమూడు నీళ్ళలో కడిగిన కొబ్బరిపొట్టు ఒకటి. ఇరవై లీటర్ల కుండీకి గుప్పెడు వేపపిండి. కొబ్బరిపొట్టులో ఉప్పు ఉంటుంది, కడగకుండా వేస్తే నారు ఆకుల అంచులు మాడిపోతాయి. డెల్టా నల్లమట్టి అంటే నాకు ప్రాణమే గానీ కుండీకి అది పనికిరాదు. తడిస్తే జిగట, ఎండితే నెర్రెలు.

కలిపిన మట్టిని తడిపి గుప్పెట్లో పిసికి చూడండి. ముద్ద కట్టాలి, వేలితో పొడవగానే విడిపోవాలి. ముద్ద కట్టకపోతే ఎరువు చాలలేదు, పొడిచినా విడిపోకపోతే కొబ్బరిపొట్టు ఇంకాస్త పడాలి.

పేడ వాసన వస్తున్నంతకాలం అది ఎరువు కాదు. మాగినది నల్లగా, పొడిపొడిగా, తొలకరి వాసనతో ఉంటుంది, లోపల చెయ్యి పెడితే వేడి తగలదు. పచ్చిది వేస్తే వేరు కాలిపోతుంది. దానితోపాటు తెల్లగా, లావుగా, ముడుచుకుని పడుకునే పురుగులు కూడా వస్తాయి, వాటిని ఏరి పారేయాల్సిందే.

పంట అయిపోయిన మట్టిని పారబోసేవాళ్ళని చూస్తే నాకు బాధగా ఉంటుంది. మొక్కను పీకకండి, మొదలు దగ్గర కోసెయ్యండి. వేరు లోపలే కుళ్ళి, నీటికీ గాలికీ దారి చేస్తుంది. ఆ కుండీలో జనుము చల్లి, పూత మొదలవుతుండగా, అంటే దాదాపు నలభై అయిదు రోజులకి కోసి, ముక్కలు చేసి అక్కడే పరిచెయ్యండి. పైన రెండంగుళాల మందాన ఎండుటాకులు కప్పండి. ఏప్రిల్, మే నెలల్లో ఆ ఆకుల కింద వేలు పెడితే తడి తగులుతుంది, పక్కనే కప్పులేని కుండీలో మట్టి చెయ్యి కాలుస్తుంది. వానపాములు ఏ కుండీలో ఉంటాయో వేరే చెప్పాలా!

3. జీవామృతం ఎరువు కాదు.

సుభాష్ పాలేకర్ గారు చెప్పిన కొలత ఎకరానికి: 200 లీటర్ల నీళ్ళు, 10 కిలోల దేశీ ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల నల్లబెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు పొలం గట్టు మట్టి. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ 2016 నుంచి ఈ పద్ధతిని ఊరూరా తీసుకెళ్ళింది. మేడకి ఇందులో పదో వంతు చాలు. అంటే 20 లీటర్ల నీళ్ళకి కిలో పేడ, లీటరు మూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల శనగపిండి. నీడలో 48 గంటలు ఉంచి, రోజుకి రెండుసార్లు కర్రతో తిప్పి, పది రెట్లు నీళ్ళు కలిపి పొయ్యాలి. వారంలోపు వాడెయ్యండి.

దీన్ని పోస్తే చాలు, ఇంకేమీ అక్కర్లేదనుకునేవాళ్ళు ఎక్కువయ్యారు. ఇందులో మొక్కకి కావలసిన తిండి కొద్దిగానే ఉంటుంది. ఇది పాలలో వేసే తోడు లాంటిది. మట్టిలో కుళ్ళడానికి ఆకూ అలమూ ఎరువూ ఉంటేనే ఈ సూక్ష్మజీవులకి పని దొరుకుతుంది. ఉత్త కొబ్బరిపొట్టు కుండీలో ఎన్ని బకెట్లు పోసినా మొక్క పాలిపోయే ఉంటుంది.

4. పురుగుల గురించి క్లుప్తంగా.

వేపగింజల పప్పు దంచి, లీటరు నీటికి 50 గ్రాముల లెక్కన రాత్రంతా నానబెట్టి, వడకట్టి, చిటికెడు సబ్బు కలిపి సాయంత్రం కొట్టండి. వేప సత్తువ ఎండకి విరిగిపోతుంది, పైగా పొద్దున పూల మీద తేనెటీగలుంటాయి. వంగలో వాలిన కొసకొమ్మని వెంటనే తుంచి కాల్చెయ్యండి, లోపల పురుగుంటుంది. పిండినల్లిని నీటిధారతో కడిగెయ్యొచ్చు. ప్రతి సీజన్‌లోనూ ముందుగా తెగులు తగిలే మొక్క ఏదో గుర్తుపెట్టుకోండి, ఎనిమిదో పాఠంలో దాని అవసరం పడుతుంది.

5. ప్యాకెట్ మీద ఏం రాసుందో చదవండి.

ఎఫ్1 హైబ్రిడ్ అని ఉంటే ఆ గింజ రెండు వేరు వేరు వంశాలు కలిపితే వచ్చింది. మొదటి తరంలో మొక్కలన్నీ ఒకే తీరుగా, బలంగా వస్తాయి. వాటి గింజ వేస్తే రెండో తరంలో తాతల గుణాలన్నీ విడివిడిగా బయటపడతాయి. మెండెల్ 1866లో బఠాణీల మీద ప్రచురించింది ఈ లెక్కే. హైబ్రిడ్ గింజ మొలవదని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. మొలుస్తుంది, కాస్తుంది కూడా, కాకపోతే దేనికదే వేరుగా ఉంటుంది.

విత్తనం దాచుకోవాలనుకుంటే నాటు రకాలో, పరిశోధన సంస్థలు విడుదల చేసిన సూటి రకాలో తెచ్చుకోండి. టమాటాలో ఢిల్లీ వాళ్ళ పూసా రూబీ, బెంగళూరు వాళ్ళ అర్కా వికాస్ ఈ కోవలోవే. సంతలో ఆకుకూరలమ్మే పెద్దావిడని అడిగితే ఆవిడ పెరట్లో కాసిన బీరగింజ కూడా దొరుకుతుంది. ఒకసారి తెస్తే చాలు, ఇక కొనే పనిలేదు. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం 39వ సెక్షన్ రైతుకి తన పంట నుంచి విత్తనం దాచుకునే, వేసుకునే, ఇచ్చిపుచ్చుకునే, అమ్ముకునే హక్కునిచ్చింది. బ్రాండు పేరు పెట్టి అమ్మడానికి మాత్రం వీల్లేదు. రక్షణ పొందిన రకానికైనా ఈ హక్కు వర్తిస్తుంది. చాలా దేశాల రైతులకి లేని హక్కు ఇది, వాడుకోకపోతే ఎలా?

6. ఏ పువ్వు ఎప్పుడు విచ్చుకుంటుందో తెలిసుండాలి.

టమాట, చిక్కుడు, అలసంద చాలావరకు తమ పుప్పొడితోనే కాస్తాయి. పక్కపక్కనే రెండు రకాలున్నా పెద్దగా కలవవు. మొదలుపెట్టేవాళ్ళు వీటితోనే మొదలుపెట్టాలి. వంగ, మిరప, బెండ తమ పుప్పొడితో కాసినా తేనెటీగలు పక్క మొక్కది కూడా మోసుకొస్తాయి. ఒక కొమ్మకి మొగ్గల దశలోనే పలచని గుడ్డసంచి కట్టి, రోజూ పొద్దున కొమ్మని కాస్త కదిపితే చాలు.

తీగజాతి సంగతి వేరు. బీర, సొర, పొట్ల, కాకరల్లో ఒకే తీగ మీద ఆడపూలు, మగపూలు వేరువేరుగా పూస్తాయి. ఆడపువ్వు కింద పిందె ఉంటుంది. బీర పువ్వు, సొర పువ్వు సాయంత్రం విచ్చుకుంటాయి, కాకర పొద్దున. నేను బీరకి చేసేది ఇది: మధ్యాహ్నం మూడింటికల్లా తీగ దగ్గరికెళ్ళి, ఆ సాయంత్రం విచ్చుకోబోయే మొగ్గల్ని, అంటే కొసన పసుపు కనబడుతున్నవాటిని వెతుకుతాను. ఒక ఆడమొగ్గని, రెండు మగమొగ్గల్ని కొసన దారంతో కడతాను. ఆరు దాటాక దారం విప్పితే రేకలు వాటంతటవే విడతాయి. మగపువ్వుని తుంచి, రేకలు ఒలిచి, మిగిలిన పసుపు మొదలుని ఆడపువ్వు మధ్యలోని కీలాగ్రం మీద నెమ్మదిగా రుద్దుతాను. పొడి అంటుకున్నట్టు కంటికి కనబడాలి. మళ్ళీ రేకలు మూసి, దారం కట్టి, కాడకి ఎర్ర ఊలు ముడివేస్తాను. మూడునాలుగు రోజుల్లో పిందె లావెక్కితే పని ఫలించినట్టే. ఆ ఊలు ముడి ఉన్న కాయని ఇంట్లో ఎవరూ కొయ్యరు.

పక్కన కాకరతీగ ఉంటే సొరకాయ చేదవుతుందని ఇంకా నమ్ముతున్నారు. అవి వేరువేరు జాతులు, కలవనే కలవవు. పైగా కాయ కండ తల్లి తీగది, పుప్పొడి ఎవరిదన్న తేడా వచ్చే ఏటి తీగలోనే తెలుస్తుంది. అయితే సొర, దోసల్లో చేదు వచ్చిందంటే తేలిగ్గా తీసుకోవద్దు. ఆ చేదు కుకుర్బిటాసిన్ అనే విషపదార్థం వల్ల వస్తుంది. చేదు సొరకాయ రసం తాగి మనుషులు ప్రాణం మీదికి తెచ్చుకున్నారు. కోసినప్పుడు చిన్న ముక్క నాలిక మీద పెట్టి చూడండి, చేదుంటే ఉమ్మేసి కాయ పారెయ్యండి. ఆ తీగ గింజ ఎప్పటికీ దాచకండి.

కాలం కూడా చూసుకోవాలి. నాటు చిక్కుడు ఆషాఢంలో పెట్టినా శ్రావణంలో పెట్టినా పగటిపొద్దు తగ్గాకే పూస్తుంది. దసరా ముందు పూయలేదని ఎరువు మీద ఎరువు వేస్తే ఆకు తప్ప ఇంకేమీ రాదు.

7. ఆకాకరలో ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు.

తెలంగాణలో బోడకాకర అంటారు. వానాకాలంలో కిలో ధర చూస్తే ఎవరికైనా పెంచాలనిపిస్తుంది. గింజ మొలవడమే కష్టం, మొలిచినవాటిలో సుమారు సగం మగవి. పూసేదాకా ఏది ఏదో తెలియదు. అందుకే దుంపలతో పెంచాలి. ఎనిమిది పది ఆడ మొక్కలకి ఒక మగ మొక్క చాలు, అసలు లేకపోతే పిందెలన్నీ పసుపెక్కి రాలిపోతాయి. పూత మీద ఉన్నప్పుడే కుండీకి ఆడ, మగ అని రంగుతో రాసెయ్యండి. చలికాలానికి తీగ ఎండిపోయి దుంప మట్టిలో నిద్రపోతుంది, అప్పుడు చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. ఆ నెలల్లో నీళ్ళు బాగా తగ్గించాలి. మనం పెంచే దొండకి ఈ బాధ లేదు. మగ మొక్క లేకుండానే కాస్తుంది, తీగ ముక్క గుచ్చితే చాలు.

8. కాయని చూసి గింజ తీయవద్దు, మొక్కని చూసి తియ్యండి.

ఇన్ని పాఠాల్లో ఒక్కటే గుర్తుంచుకుంటామంటే ఇది గుర్తుంచుకోండి. ఎక్కువమంది చేసేది ఏమిటంటే, మంచి కాయలన్నీ వండుకుని, సీజన్ చివర్లో ముదిరిపోయి మిగిలిన కాయ నుంచి గింజ తియ్యడం. ఆలస్యంగా కాసిన కాయ, తెగులు తగిలిన మొక్క కాయ, ఎవరికీ అక్కర్లేని కాయ అది. అలా నాలుగేళ్ళు చేస్తే రకం దిగజారిపోతుంది. అప్పుడు నాటు విత్తనంలో పస లేదంటారు. ఎంపిక తలకిందులుగా జరిగిందని గమనించరు.

పూత రాకముందే ఒకసారి మొక్కలన్నీ చూడండి. గిడసబారినవి, ఆకుముడత వచ్చినవి అప్పుడే తీసేస్తే వాటి పుప్పొడి పక్కవాటికి అంటదు. పల్లాకు వచ్చిన బెండ ఎంత లావు కాయ కాసినా దాని గింజ వద్దు. మిగిలినవాటిలో నేను చూసే వరుస ఇది: ముందు ఆరోగ్యం, తర్వాత మన ఎండకి పూత నిలవడం, ఆ తర్వాత రుచి, చివరికి కాయ పరిమాణం. మొక్క మీద రెండోదో మూడోదో కాయని విత్తనానికి వదిలేస్తాను. మొదటి కాయ వదిలితే కొన్ని మొక్కలు పూత తగ్గించేస్తాయి, చివరి కాయకి మొక్కలో సత్తువ మిగలదు.

వదిలేయడం అంటే పూర్తిగా వదిలేయడమే. బీరకాయ తీగ మీదే ఎండి, ఊపితే లోపల గింజలు గలగలలాడాలి. వంకాయ పసుపురంగుకి తిరిగి మెత్తబడాలి. బెండకాయ ఎండి గీతల వెంట పగలబోతుండాలి. కూరకి కోసే దశలో తీసిన గింజ చూడ్డానికి బాగుంటుంది, మొలవదు.

ఒక్క మొక్క నుంచే గింజ తీస్తే టమాటకీ చిక్కుడుకీ నష్టం లేదు. మొక్కజొన్నకి అలా కుదరదు. మొక్కజొన్న ఒకటి రెండు తరాల్లోనే బలహీనపడిపోతుంది, మేడ మీద దాని విత్తనం జోలికి పోకండి.

9. ఓపిక ఉంటే మీ రకం మీరే కట్టుకోవచ్చు.

వేసవిలో హైదరాబాద్ మేడ మీద టమాట పూత నిలవదు. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా వేడిగా ఉంటే పుప్పొడి పాడై పూలు రాలిపోతాయి. ఎక్కడపడితే అక్కడ మొలిచే చిన్న నాటు టమాట మాత్రం అంత ఎండలోనూ ఎన్నో కొన్ని కాస్తుంది. దాన్ని, కండ ఉన్న పెద్ద టమాటాని కలిపితే?

పువ్వు రేపు విచ్చుకుంటుందనగా, రేకలు ఇంకా లేతపసుపులో మూసుకుని ఉన్నప్పుడు, సన్నని పట్టకారుతో రేకల మధ్యనున్న పుప్పొడి గొట్టాన్ని చీల్చి తీసెయ్యాలి. మధ్యలో పచ్చటి సన్నని కీలం ఒక్కటే మిగలాలి, అది విరిగితే ఇంకో మొగ్గ చూసుకోవడమే. రక్షక పత్రాల కొసలు కూడా కత్తిరిస్తాను. కాయ పండాక కురచ తొడిమని బట్టి అది కలిపిన కాయ అని తెలిసిపోతుంది. మర్నాడు పొద్దున రెండో రకం పూలని నల్ల కాగితం మీద గోటితో తడితే తెల్లటి పొడి రాలుతుంది. ఆ పొడిని వేలికొసతో తీసి కీలం చివర అద్దాలి.

ఆ కాయ గింజల నుంచి వచ్చే మొదటి తరం కాయలు పెద్దదాని వైపు కంటే చిన్నదాని వైపే మొగ్గుతాయి. చాలామంది అక్కడే మానేస్తారు. మానకండి. వాటి గింజ వేసిన రెండో తరంలోనే అసలు వైవిధ్యం కనబడుతుంది. వీలైనన్ని మొక్కలు పెట్టండి, మీ దగ్గర చోటు లేకపోతే బంధువుల మేడల మీద పెట్టించండి. తల్లిదండ్రుల్లో ఒకటి పసుపు టమాట అయ్యుంటే మొదటి తరంలో అన్నీ ఎర్రవే, రెండో తరంలో సగటున నాలుగింట ఒకటి పసుపు. ఏప్రిల్‌లో కాయ నిలిపిన మొక్కల్ని ఎంచి వాటి గింజ వేస్తూపోతే ఆరో ఏడో తరానికి రకం స్థిరపడుతుంది. ఏడాదికి ఒక పంటైతే అన్నేళ్ళూ పడుతుంది. విశ్రాంత జీవితంలో ఉన్నవాళ్ళకి ఇంతకంటే మంచి పని నేను చూడలేదు.

10. ఆరబెట్టడంలోనే ఆయుష్షు ఉంది.

టమాట గింజల్ని జిగురుతో సహా గిన్నెలో వేసి రెండు మూడు రోజులు పులియనివ్వండి. జిగురు విడిపోయాక కడిగితే మంచి గింజ అడుగుకి చేరుతుంది, తాలు తేలుతుంది. పళ్ళెంలో పరిచి నీడన గాలికి ఆరబెట్టాలి. కాగితం మీద వేస్తే అతుక్కుంటాయి. మండుటెండలో రేకు మీద పెట్టవద్దు.

గింజలో తేమ ఒక శాతం తగ్గితే నిల్వకాలం సుమారు రెట్టింపవుతుందని, చోటు 5 డిగ్రీలు చల్లబడినా అంతేనని అమెరికా విత్తన శాస్త్రవేత్త హారింగ్టన్ సూత్రం చెబుతుంది. మన పెద్దవాళ్ళు బూడిద ఎందుకు కలిపేవారో దీన్నిబట్టి అర్థమవుతుంది. బూడిద తేమని పీల్చి, పురుగుని ఆపుతుంది. మా నాయనమ్మ వంగగింజని పేడలో అద్ది గోడకి కొట్టి ఉంచేది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ చుట్టుపక్కల, దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలు బూడిద, వేపాకు కలిపి బుట్టల్లో దాచి ఎన్నో రకాల జొన్నల్ని, సామల్ని, కందుల్ని నిలబెట్టారు. ఆ పనికి 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. సంక్రాంతి రోజుల్లో వాళ్ళు జరిపే పాత పంటల జాతరకి వీలుంటే వెళ్ళిరండి, ఎడ్లబండ్ల మీద విత్తనాల ఊరేగింపు చూస్తే నేను చెప్పేదంతా ఒక్కసారిగా అర్థమవుతుంది.

మేడ మీద వాళ్ళకి కాగితం పొట్లం, గాలి చొరని సీసా, ఫ్రిజ్‌లో కింది అర చాలు. ఉల్లిగింజని ఏడాది దాటితే నమ్మలేం, బాగా ఆరిన టమాటగింజ నాలుగేళ్ళు నిలుస్తుంది. రోహిణి కార్తెలో ప్రతి పొట్లం నుంచీ పది గింజలు తడిగుడ్డలో చుట్టి చూడండి. ఏడుకి తక్కువ మొలిస్తే ఆ ఏడాది ఆ రకాన్ని ఒత్తుగా వేసి కొత్త గింజ తీసుకోవాలి.

11. గింజ ఒక్క ఇంట్లోనే ఉంచకండి.

కోతులు, వడగళ్ళు, ఊరెళ్ళినప్పుడు ఆగిపోయిన నీళ్ళు, వీటిలో ఏదో ఒకటి ఎప్పుడో ఒకప్పుడు మీ తీగని తీసుకుపోతుంది. కనీసం మూడు ఇళ్ళలో ఆ గింజ ఉండేలా చూసుకోండి, వాటిలో ఒకటి వేరే ఊళ్ళోదైతే మరీ మంచిది. ఇచ్చేటప్పుడు పొట్లం మీద రకం పేరు, ఏ ఊరి గింజ, తీసిన ఏడాది, పక్కన అదే జాతి ఇంకో రకం ఉందో లేదో రాసి ఇవ్వండి. సంచి కట్టిన కాయ గింజ అయితే ఆ మాటా రాయండి. కలిపిన రకమైతే ఎన్నో తరమో తప్పకుండా రాయాలి. అది తెలియకపోతే తీసుకున్నవాళ్ళు అందులోంచి ఏం ఎంచాలో వాళ్ళకి అంతుపట్టదు.